మూతలో లైటున్న స్కానరు

జూన్ 2

ఇవాళ టైలరమ్మ వచ్చింది. మార్కెట్టు వెనక సందులో స్కూలు యూనిఫారాలు కుడుతుందే, ఆమె. ఇన్నేళ్ళు ఒకే ఊళ్ళో ఉండి ఎదురుపడితే తల పంకించుకోవడమే తప్ప మా గడప తొక్కింది లేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సిస్టరమ్మా, మీరు అప్పట్లో ఆసుపత్రిలో పుట్టిన పిల్లలందరికీ ఫోటో తీసేవారు కదా. నా మొదటిదానికీ తీశారు. నేనే వద్దన్నాను, చూడనన్నాను. అది ఉందా?"

ముప్పై ఒక్క ఏళ్ళయింది. మొదటిది అంటే మూడో రోజున పోయిన పాప.

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"మా చిన్నదానికి పోయిన నెల ఆడపిల్ల పుట్టింది. ఎవరి పోలిక, ఎవరి పోలిక అని అందరూ ఒకటే గొడవ. వాళ్ళ అక్క పోలికేమో అందామనుకున్నాను. తీరా చూస్తే దాని మొహం నాకు గుర్తు రాలేదు. ఎంత గింజుకున్నా రాలేదు సిస్టరమ్మా."

"ఉంది" అన్నాను. ఒక్క క్షణం ఆలోచించకుండా అనేశాను. నెగటివ్‌లన్నీ నాలుగు రేకు డబ్బాల్లో అటక మీద ఉన్నాయి. ఇరవై రెండేళ్ళలో పుట్టిన పిల్లలందరూ. కానీ నెగటివ్ నుంచి ఫోటో వేసే స్టూడియో ఈ చుట్టుపక్కల ఒక్కటీ మిగల్లేదు. ఈ మాట ఆమె వెళ్ళాక తట్టింది.

ఇరవై ఎనిమిదో తేదీ రైలుకి కూతురి దగ్గరికి వెళ్తోందట. ఆరు నెలలు అక్కడే.

ఆ రోజు పగటి డ్యూటీ నాదే. పాప పాలు సరిగా తాగడం లేదని డ్యూటీ దిగేటప్పుడు రిపోర్టు పుస్తకంలో రాశాను.

జూన్ 3

ఈయనకి చెప్పడం నా బుద్ధి తక్కువ.

"నెగటివ్‌లా? దానికి ఫ్లాట్‌బెడ్ స్కానరుండాలి" అన్నారు. అంతే, లేచి కళ్ళజోడు తుడుచుకున్నారు. రిటైరై నాలుగేళ్ళయింది, ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. ముప్పై నాలుగేళ్ళు సర్వేయరు ఉద్యోగం చేసిన మనిషి. కొలవందే దేన్నీ నమ్మరు. పెళ్ళిచూపుల్లో నన్ను కూడా మనసులో కొలిచే ఉంటారు.

సాయంత్రానికి చార్టు తయారు. పదకొండు స్కానర్లు, తొమ్మిది గడులు. పొడవు, వెడల్పు, బరువు, అంగుళానికి ఎన్ని చుక్కలు, వారంటీ, ఎవరు ఎన్ని నక్షత్రాలిచ్చారు.

"ఏది కొందాం?" అన్నాను.

"అప్పుడేనా? ఇది మొదటి చార్టు" అన్నారు.

జూన్ 5

అమ్మాయి ఫోను. "ఫోనుతో తీసేయమ్మా! ట్యాబ్‌లో తెల్ల స్క్రీను పెట్టి, దాని మీద నెగటివ్ పెట్టి, పైనుంచి ఫోటో తీసి రంగులు తిప్పేయ్. రెండు నిమిషాల పని."

రెండు నిమిషాల పనికి రెండు గంటలు కూర్చున్నాను. వచ్చింది ఏమిటయ్యా అంటే, జల్లెడ వెనక నుంచి చూస్తున్నట్టు ఒక పిల్లాడు, వాడి నెత్తి మీద నా బొటనవేలు. ఆ పిల్లాడు ఇప్పుడు ఏ బ్యాంకులోనో మేనేజరై ఉంటాడు. చూస్తే కేసు పెడతాడు.

ఇది పై డబ్బాలోది. ఆ పాప ఉన్న డబ్బా మూడోది, అటక లోపలికి ఉంది. స్కానరు వచ్చాక తీసుకోవచ్చు. ఊరికే దించి దుమ్ము పట్టించడం ఎందుకు.

జూన్ 6

నాలుగో చార్టు.

జూన్ 8

తలప్రాణం తోకకొచ్చి నేనే బయల్దేరాను. బస్టాండు ఎదురుగా కంప్యూటర్ షాపు. "మాకు ఆసుపత్రివి పాతవి ఉన్నాయండీ, నెగటివ్‌లు. స్కాన్ చేయాలి. ఎక్కువ ఖరీదు వద్దు" అన్నాను. మూడు సార్లు అన్నాను. షాపాయన తల ఊపి ఒక పెట్టె దించాడు. పలకలా సన్నగా, ముచ్చటగా ఉంది. "బెస్టు పీసు మేడమ్. పెట్టె మీద చుక్కలెన్నో చూడండి."

ఈయన పెట్టెని తిప్పి తిప్పి చదివి, "ఇది నా చార్టులో లేదు" అన్నారు.

"లేకపోవడమే దానికున్న పెద్ద గుణం" అన్నాను.

జూన్ 9

నల్లగా వచ్చింది.

మళ్ళీ పెట్టాం. నల్లగా వచ్చింది. తిరగేసి పెట్టాం. నల్లగానే వచ్చింది, కాకపోతే తిరగబడిన నలుపు.

ఈయన ఒక్క మాట కూడా అనలేదు. ఆ అనకపోవడం ఉంది చూశావూ, దానికంటే నాలుగు తిట్టినా బావుండేది. చివరికి చార్టులో పదో గడి గీసి, పైన "మూతలో లైటు" అని రాశారు. నెగటివ్ లోంచి వెలుగు దూరి ఇవతలికి రావాలట. అంటే లైటు పైన మూతలో ఉండాలి. మామూలు స్కానర్లకి లైటు కింద ఒక్కచోటే ఉంటుంది. కాగితానికి అది చాలు.

పదకొండింటిలో ఎనిమిదింటికి మూతలో లైటే లేదు. వారం రోజులుగా వాటి బరువులు కొలుస్తున్నారు మహానుభావులు.

జూన్ 10

షాపాయనతో యుద్ధం.

"మీరు ఆసుపత్రి అన్నారు, నెగటివ్ అన్నారు. బ్లడ్ రిపోర్టులనుకున్నా మేడమ్."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వెనక్కి తీసుకున్నాడు, అంతవరకు మంచివాడే. మూతలో లైటున్నది తన దగ్గర లేదన్నాడు. "అవి ఇప్పుడు ఎవరు కొంటున్నారు మేడమ్, నెగటివ్‌లు ఎవరి దగ్గరున్నాయి?"

నా దగ్గర నాలుగు డబ్బాలున్నాయి నాయనా.

జూన్ 13

మిగిలినవి మూడు. కొత్తది ఒకటి: మూతలో లైటుంది, కానీ వేలెడంత. ఒక్కోసారికి రెండు బొమ్మలే పడతాయి. ఇంకోటి బ్రహ్మాండంగా ఉంది, దాని ఖరీదు చూశాక ఈయన మంచినీళ్ళడిగారు. మూడోది పాతది. మేడల ప్లాన్లు గీసే ఆఫీసు ఒకటి మూసేస్తూ సామాన్లు అమ్ముతోంది. తొమ్మిదేళ్ళది.

"పాతది తీసుకుందాం."

"దుమ్ము మచ్చల్ని అదే తీసేసే సదుపాయం ఆ ఖరీదైన దాంట్లో ఉందే. మన నెగటివ్‌లకి దుమ్ము ఉంటుంది కదా."

మూడు రోజులు ఆ సదుపాయం మీదే చదివారు. ఇవాళ మధ్యాహ్నం గొంతు సవరించుకుని వచ్చి నిలబడ్డారు. నలుపు తెలుపు ఫిల్ము మీద, అంటే మనవాటి మీద, అది పనిచేయదట. రంగుల వాటికేనట.

"ఈ ముక్క ఎక్కడ రాసి ఉంది?"

"మొదటి పేజీలోనే" అన్నారు, గోడకి చెప్తున్నట్టు.

జూన్ 14

రిపోర్టు పుస్తకంలో రాశాననే నా గుర్తు.

జూన్ 15

మార్కెట్టులో టైలరమ్మ ఎదురైంది. మెడలో టేపు అలాగే ఉంది, తీయడం మర్చిపోయినట్టుంది. స్కూళ్ళు తెరిచారు కదా, ఊపిరాడని పని. నేను కూరల వైపు తిరిగి నిలబడ్డాను. ఆమే వచ్చింది.

"కొంచెం టైం పడుతోందమ్మా. ఇంట్లో ఈయనతో పడలేక చస్తున్నా. స్కానరు తేలడం లేదు" అన్నాను.

"తొందరేం లేదు సిస్టరమ్మా. ముప్పై ఏళ్ళు అడగనిదాన్ని, ఇప్పుడు తొందరపెడతానా."

తొందరపెట్టినా బావుండేది. ఇంటికొచ్చాక చూస్తే సంచిలో టమాటాలు లేవు, డబ్బులిచ్చి అక్కడే వదిలేసి వచ్చాను.

జూన్ 17

పాతదే తెచ్చారు. రెండు బస్సులు మారి, ఒళ్ళో పెట్టుకుని. పక్క సీటాయన "ఏంటండీ అది, తూకం మిషనా?" అంటే ఊరి దాకా ఆయనకి నెగటివ్ గురించి చెప్పుకుంటూ వచ్చారట. పాపం ఆయన. దిగాల్సిన చోటు దాటినా దిగలేదట, వింటూ ఉండిపోయాడట. ఈయన అలా అంటున్నారు. నిద్రపోయి ఉంటాడు.

నెగటివ్‌లు పెట్టే ప్లాస్టిక్ చట్రం కూడా ఇచ్చారు. ఒక మూల విరిగింది, టేపు వేశాం.

జూన్ 18

స్విచ్చి వేయగానే లోపల ఎవరో పళ్ళు నూరుతున్నట్టు చప్పుడు. ఈయన మొహం పాలిపోయింది. నలభై సమీక్షలు చదివి, ఎండలో రెండు బస్సులు మారి తెచ్చిన వస్తువు. ఆ మొహం చూస్తే కోపం కూడా రాలేదు నాకు.

నేనే బస్టాండు షాపాయనకి ఫోన్ చేశాను. సిగ్గు విడిచి.

"అడుగున తాళం తీశారా మేడమ్? దారిలో లోపలి లైటు కదలకుండా ఒక చిన్న తాళం ఉంటుంది. తిప్పేయండి."

తిప్పాం. చప్పుడు పోయింది. ఈయన స్కానరుతో ఇచ్చిన పుస్తకం తెరిచి చూస్తే మొదటి పేజీలో ఎర్ర అక్షరాలతో అదే ఉంది. ఈ ఇంట్లో మొదటి పేజీకి గిరాకీ లేదు.

జూన్ 19

మళ్ళీ నల్లగా వచ్చింది. రామ రామా అనుకున్నాను. మూతకి లోపల తెల్లటి అట్ట ఒకటి ఉంది, లైటుకి అడ్డం. అది లాగేయాలని ఈయనే కనిపెట్టారు. పుస్తకంలో రెండో పేజీ.

తర్వాత...

ముందు స్క్రీను మీద బూడిదరంగు గీతలు మెల్లగా దిగాయి. చెవి. తర్వాత నుదురు. తర్వాత నోరంతా తెరిచి ఆవలిస్తున్న బోడిగుండు పిల్లాడు, రెప్ప వెంట్రుకలతో సహా. దుప్పటి అంచున ఆసుపత్రి ముద్ర చదవచ్చు.

"వచ్చాడే! వచ్చాడు!" అని ఈయన కేక. పక్కింటావిడ గోడ మీంచి చూసి "మీ అమ్మాయి నీళ్ళాడిందా?" అంది.

జూన్ 21

నిన్న ఇరవై రెండు మంది. ఇవాళ ముప్పై. కవలలు రెండు జతలు. పుట్టినప్పుడు ఏడవని వాడు ఒకడు, వీపు మీద చరిస్తే నా మీదే పోసినవాడు. ఒక్కొక్కళ్ళూ గుర్తొస్తున్నారు.

"ఆ పాప ఏది?" అని ఈయన అడిగారు.

"వరసలో వస్తుంది. ఒకటో డబ్బా అయ్యాక రెండు, తర్వాత మూడు."

జూన్ 22

ఇవాళ గొడవైంది. రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

పొద్దున కాఫీ దగ్గర ఈయన కాగితం ముందు పెట్టారు. లెక్క కట్టారు. రోజుకి ముప్పై చొప్పున మూడో డబ్బాకి వచ్చేసరికి సెప్టెంబరు. "ఆమె రైలు ఇరవై ఎనిమిదిన" అన్నారు.

"అయితే మీరు రెండు వారాలు చార్టులెందుకు గీశారు? అప్పుడే తెచ్చుంటే ఈపాటికి అయ్యేది కాదా? అంతా మీ వల్లే!"

ఈయన కోప్పడలేదు. "నాకు ఆలస్యమైంది, ఒప్పుకుంటా. కానీ నేను చార్టు గీసిన ప్రతి రోజూ నీ మొహంలో హమ్మయ్య అనుకున్నట్టు కనపడేది. ముప్పై ఎనిమిదేళ్ళుగా చూస్తున్న మొహం. ఏంటి నీ భయం?"

ఏమీ లేదన్నాను. గిన్నెలు తోమాను. తోమినవే మళ్ళీ తోమాను. ఆయన వచ్చి కుళాయి కట్టేశారు.

అప్పుడు చెప్పాను. ఈయనకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు వార్డులో మూడు కాన్పులు. పాప మధ్యాహ్నం నుంచి రొమ్ము పట్టడం లేదు, ఒళ్ళు వదిలేసినట్టుంది. నేను చూశాను. సాయంత్రం రౌండుకి వచ్చినప్పుడు పెద్ద డాక్టరమ్మకి చెబుదామనుకున్నాను. డాక్టరమ్మ ఆపరేషన్‌లో ఉండిపోయింది. ఇంట్లో మన అమ్మాయికి నూట మూడు జ్వరం, బస్సు టైమైంది. రాత్రి సిస్టరు వచ్చింది, "అంతా బాగానే ఉందా?" అంది. "బాగానే ఉంది" అన్నాను. సంతకం పెట్టి పరుగెత్తాను. తెల్లవారేసరికి పాప లేదు.

రాయలేదు. పుస్తకంలో నేను రాయలేదు. ఎన్ని సార్లు రాశాననుకున్నా ఆ పేజీలో ఆ లైను లేదు. మర్నాడే వెళ్ళి చూసుకున్నాను కదా, నాకు తెలియదా?

ఈయన లేచి స్టూలు లాక్కుని అటక ఎక్కారు. మోకాళ్ళ నొప్పులు, వద్దంటే వినలేదు. మూడో డబ్బా దించి బల్ల మీద పెట్టారు.

"నువ్వు చూడలేకపోతే నేను చూస్తాను" అన్నారు.

జూన్ 23

నేనే తీశాను.

మూత తీయగానే పులిసిన వాసన, ముక్కు మండేలా. ఫిల్ము పాడవుతుంటే అలాగే వస్తుందట. ఆ ఏడాదివి చాలా వరకు చుట్ట చుట్టుకుపోయాయి. ఇంకో రెండు మూడేళ్ళయితే ఏమీ మిగిలేది కాదు. కవరు దొరికింది. పైన నా చేతిరాత. తేదీ, ఆడ, రెండు కేజీల ఏడు వందలు.

లోపల నెగటివ్ వంకర తిరిగి ఉంది. రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన ఈయన సర్వే పుస్తకాలు నాలుగు పేర్చాం. ఇరవై నాలుగు గంటలు ఉంచాలి. ఉంచుతాం.

జూన్ 24

మొదటిసారి గాజుకి తగులుకుని నీళ్ళలో రాయి వేసినట్టు వలయాలు వచ్చాయి. రెండోసారి వెంట్రుక పడింది, పాప కంటి మీద. ఈయన మెత్తటి బ్రష్‌తో తుడిచారు, నేను గ్లవుజులు వేసుకుని చట్రంలో పెట్టాను. టేపు వేసిన మూలని వేలితో అదిమి పట్టుకున్నాను.

మూడోసారి వచ్చింది.

రెండో రోజు ఉదయం తీసింది. కళ్ళు తెరిచే ఉంది. నన్ను చూడటం లేదు, కిటికీ వైపు చూస్తోంది. ఒక పిడికిలి గుడ్డలోంచి బయటికి వచ్చి ఉంది. తల మీద జుట్టు దట్టంగా.

చాలాసేపు చూశాను. పెద్దది చేసి పెదాలు చూశాను, చర్మం చూశాను. అప్పటికే నీరసంగా ఉందా, ఒంట్లో కామెర్ల పసుపు ఉందా, ఎవరున్నా కాపాడగలిగేవాళ్ళు కాదా? ఏదో ఒకటి కనిపిస్తుందనుకున్నాను. నలుపు తెలుపులో పసుపు ఎలా కనిపిస్తుంది? ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి ఈ ముక్క నాకు తట్టలేదు.

పాపే ఉంది ఫోటోలో. ఇంకేం లేదు.

జూన్ 25

ప్రింటు కోసం బస్టాండు షాపుకే వెళ్ళాను. షాపాయన స్క్రీను మీద చూసి, "స్కానరు బాగా పనిచేస్తోందే మేడమ్! మీ మనవరాలా?" అన్నాడు.

కాదన్నాను.

మందం కాగితం మీద రెండు కాపీలు వేశాడు. మొదటిదాంట్లో నలుపు ఎక్కువైందని తనే చించేసి మళ్ళీ వేశాడు.

జూన్ 27

పొద్దున పదింటికి వచ్చింది. రేపటి ప్రయాణానికి సంచులు కొనుక్కుని, అవి మోసుకుంటూనే వచ్చింది. ఈయన మంచినీళ్ళిచ్చి, పేపరు తీసుకుని వీధి అరుగు మీదకి వెళ్ళిపోయారు.

ఫోటో చేతిలో పెట్టాను. చూడలేదు వెంటనే. బోర్లించి ఒళ్ళో పెట్టుకుని, చేతులు చీరకి తుడుచుకుంది. తర్వాత తిప్పింది.

ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది.

"ఎంత జుట్టో చూడండి. దువ్వొచ్చు కదా దీన్ని, దువ్వొచ్చు!" అని, వేలితో ఫోటో మీద పాపిడి తీసింది. "మనవరాలి పోలిక కాదు. ఎవరి పోలికా కాదు. దీని మొహం దీనిదే."

ఇంకాస్త సేపు చూడనిచ్చి అప్పుడు చెప్పాను. ఈయనకి చెప్పినట్టే చెప్పాను. కాకపోతే జ్వరం సంగతి చెప్పలేదు, బస్సు సంగతి చెప్పలేదు. పాప పాలు పట్టడం లేదని చూశాను, ఎవరికీ చెప్పలేదు, బాగానే ఉందన్నాను. అంతే చెప్పాను.

ఆమె ఫోటో వైపే చూస్తూ విన్నది.

"చెప్పి ఉంటే బతికేదా?"

"తెలీదమ్మా. బతికేదేమో."

వీధిలో ఆటో ఒకటి ఆగి, మళ్ళీ వెళ్ళిపోయింది.

"పదేళ్ళు తిట్టాను సిస్టరమ్మా. మిమ్మల్ని, డాక్టరమ్మని, మా అత్తగార్ని. ఆవిణ్ణి ఎక్కువ తిట్టాను, ఎదురుగా ఉండేది కాబట్టి. అన్నిటికంటే నన్ను. పాలు పట్టడం లేదని నాకూ తెలుసు. తల్లిని కదా, కేకలు పెట్టి ఎవరినైనా పిలవొచ్చు. సిస్టరు చూసింది కదా, చూసుకుంటుందిలే అని పడుకున్నాను."

నేను ఏదో అనబోయాను, చేత్తో ఆపింది.

"ఇప్పుడేమీ అనకండి. నేనూ ఏమీ అనలేను. వచ్చాక చూద్దాం."

పర్వాలేదు అనలేదు. పర్వాలేదంటే నేను నమ్మేదాన్ని కాదు.

లేచి సంచులు సర్దుకుంది. నెగటివ్ కూడా తీసుకెళ్ళమని కవరు ఇచ్చాను. కవరు మీద నేను రాసిన లైను చదువుకుంది. తేదీ, ఆడ, బరువు.

"నెగటివ్ మీ దగ్గరే ఉండనివ్వండి. నా దగ్గర పాడైపోతుంది. పెన్నుందా?"

ఇచ్చాను.

"పేరు పెట్టాం మేము. రెండో రోజే. బారసాల దాకా ఎవరికీ చెప్పొద్దనుకున్నాం, తర్వాత చెప్పడానికి ఏం మిగిలింది. ఆయనా నేనూ అప్పుడప్పుడు అనుకునేవాళ్ళం. ఆయన పోయి ఏడాదైంది. అప్పట్నుంచీ ఆ పేరు తెలిసింది నా ఒక్కదానికే."

కవరు గోడకి ఆనించి, గుడ్డ మీద గీత గీసినట్టు జాగ్రత్తగా రాసింది. పైకి ఒకసారి చదివింది. నన్ను కూడా అనమంది. అన్నాను.

"అదీ" అంది.

ఆ పేరు ఇక్కడ రాయను. ఇప్పుడు తెలిసినవాళ్ళం ఇద్దరం.